ఖాడా పడిన వారాలు

నవాగామ్, సూరత్
జూన్ 16

పూజ్యులైన సోమలింగం మామయ్యకు మీ మేనకోడలు లత రాస్తున్నది.

మీకు ఫోన్ చేస్తే వినపడదు. మెసేజ్ పెడితే మీ బటన్ ఫోన్‌లో తెలుగు అక్షరాలన్నీ డబ్బాలై కనిపిస్తాయని అమ్మ చెప్పింది. అందుకే ఇక్కడి మున్సిపాలిటీ తెలుగు బడిలో నేర్చుకున్న నాలుగు అక్షరాలను దుమ్ము దులిపి బయటికి తీశాను. తప్పులుంటే ఎర్ర సిరాతో దిద్దకండి. మీరు డ్రిల్లు సారే గానీ తెలుగు సారు కాదు కదా.

మూడేళ్లుగా నేను మా సందు చివర జిమ్‌లో బరువులు ఎత్తుతున్నానని మీకు తెలుసు. ఇన్నాళ్లూ తోచినట్టు ఎత్తాను. ఇప్పుడు తోచినట్టు ఎత్తితే కుదరదు. డిసెంబర్ 22న వడోదరలో రాష్ట్ర పవర్‌లిఫ్టింగ్ పోటీలు ఉన్నాయి. మా అరవై మూడు కిలోల విభాగంలో మొదటి మూడు స్థానాల్లో ఉంటే జాతీయ పోటీలకు పంపుతారు. ఆ కాగితం చేతిలో ఉంటే రైల్వే స్పోర్ట్స్ కోటాకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. జనవరి నెలాఖరుకు నాకు ఇరవై అయిదు నిండుతాయి. ఆ తర్వాత కోటా నా మొహం చూడదు. వచ్చే ఏడు చూద్దాంలే అనే మాట నాకు లేదు మామయ్యా.

ఇప్పుడు నా బలం ఇదీ: స్క్వాట్ 120, బెంచ్ 57.5, డెడ్‌లిఫ్ట్ 140. మొత్తం 317.5. పోయినేడు మూడో స్థానానికి 342.5 పట్టింది.

ఖటోదరాలో మిల్లులో చెకింగ్ టేబుల్ దగ్గర పని నాది. పొద్దున తొమ్మిది నుంచి రాత్రి ఎనిమిది దాకా నిలబడి చీరల బట్టలో మరకలు, తెగిన దారాలు వెతకాలి. బట్ట చుట్టలను టేబుల్ మీదికి ఎత్తాలి, దించాలి. నాన్న ఇలాగే మగ్గం ముందు నిలబడి నిలబడి నలభై ఆరేళ్లకే పోయాడు. నాకు ఆ టేబుల్ ముందు ముసలిదాన్ని కావాలని లేదు. రాత్రి పడుకుంటే అదే భయం. అమ్మకు ఈ భయం అర్థం కాదు. “మిల్లుల ఎత్తుడు సాలదానె, మల్ల గా ఇనుము ఎత్తుడేంది?” అంటుంది.

మీరు ముగ్గురిని రాష్ట్రం దాకా తీసుకెళ్లారు. ఏ రోజు ఏది ఎత్తాలో, ఎంత ఎత్తాలో వారానికి ఒక లెక్క రాసి పంపండి. మిల్లుకు శుక్రవారం సెలవు. మిగతా రోజులు పొద్దున ఐదున్నర నుంచి ఏడున్నర దాకా నాకు ఖాళీ.

మీ
లత

*

కోరుట్ల
జూన్ 27

చిరంజీవి లతకు దీవెనలు.

నీ ఉత్తరంలో పదకొండు తప్పులున్నాయి. దిద్దలేదు. చెల్లె బిడ్డ ఉత్తరం రాసిందంటేనే సగం ఆకలి తీరింది, ఇక తప్పులెవడికి కావాలి.

ముందు ఒక మాట. నేను కుస్తీవాణ్ని. ఈ పవర్‌లిఫ్టింగ్ నేను పిల్లలకు నేర్పుతూ నేర్చుకున్నది. నాకు అర్థమైనంతలో, బస్కీ తీసేవాడి భుజాల మీద ఇనుము పెడితే అది స్క్వాట్. దండీలు తీసేవాణ్ని వెల్లకిలా బల్ల మీద పడుకోబెట్టి బరువు నెట్టమంటే అది బెంచ్. నేల మీది బరువును నిటారుగా నిలబడేదాకా లేపితే డెడ్‌లిఫ్ట్. బావిలోంచి మోటారు లాగిన ప్రతివాడికీ ఈ మూడోది తెలుసు. ఈ మూడూ చెయ్యి ఒక్కటో కాలు ఒక్కటో చేసే పనులు కావు, ఒళ్లంతా కలిసి చేసేవి. అందుకే ఎంత ఎత్తావన్నది తర్వాతి సంగతి, వారంలో వాటిని ఎక్కడ పెట్టావన్నదే విద్య.

శుక్రవారం ఖాళీ కదా అని ఆ రోజే అన్నీ పెట్టుకోవాలని నీకు అనిపిస్తుంది. వద్దు. సెలవు నీకే కాదు, నీ నడుముకు కూడా. ఆరు రోజులు నిలబడిన నడుము ఆ రోజు పడుకోవాలి. శనివారం పొద్దున తాజాగా ఉంటావు, స్క్వాట్ అప్పుడు. సోమవారం బెంచ్. బుధవారం డెడ్‌లిఫ్ట్. స్క్వాట్‌కూ డెడ్‌లిఫ్ట్‌కూ మధ్య మూడు రోజులు పోనివ్వాలి, ఎందుకంటే రెండూ తినేది ఒకే నడుమును. రెంటినీ ఒకే రోజు పెట్టడమంటే ఒకే ఎద్దును రెండు బండ్లకు కట్టడం.

మూడు వారాలు బరువు పెంచుకుంటూ పో. నాలుగో వారం సగానికి దించు. ఆ తేలిక వారంలోనే ఒళ్లు బలం పట్టేది. కుర్రకారుకు ఇది నచ్చదు, నాకు తెలుసు.

మొదటి నెల స్క్వాట్ 100, డెడ్‌లిఫ్ట్ 115, బెంచ్ 47.5. ఐదేసి సార్ల చొప్పున నాలుగు సెట్లు. నెలకు పన్నెండు రోజులు. వాటిలో ఎన్ని రోజులు చేశావో నెలాఖరున రాయి. పది దాటితే పెంచుతాను. ఆరుకు తగ్గితే దించుతాను. పెంచడం, దించడం నా పని. నీ అంతట నువ్వు ఒక్క కిలో కూడా కదపొద్దు. ఇల్లు అలకగానే పండగ కాదు.

మీ అమ్మ ఎల్లవ్వకు మోకాళ్లు జాగ్రత్త అని చెప్పు.

మామ
సోమలింగం

*

నవాగామ్, సూరత్
ఆగస్టు 3

మామయ్యకు,

పొట్టి ఉత్తరం రాస్తున్నందుకు కోపం తెచ్చుకోకండి. ఇక్కడ వాన. మా సందులో మోకాలి లోతు నీళ్లు. పొద్దున లేస్తే తలుపు ముందు ఎవరివో చెప్పులు తేలుతూ కనిపిస్తాయి. ఆ కథంతా మీకెందుకు.

నెల లెక్క అడిగారు కదా. ఒక్క ఖాడా కూడా లేదు నాకు. మీరు రాసిన బరువులు రాసినట్టే ఉన్నాయి. వచ్చే నెల ఏం చేయాలో వెంటనే రాయండి. మీ లెక్క కాగితాన్ని దేవుడి పటం పక్కన అంటించాను. అమ్మ రెంటికీ కలిపి అగరబత్తి తిప్పుతోంది.

మీ
లత

*

కోరుట్ల
ఆగస్టు 13

చిరంజీవి లతకు,

దాచకుండా రాశావు, అందుకు సంతోషం. మిగిలిన దేనికీ సంతోషం లేదు.

కుస్తీ సాధన చేసే చోటును మేము తాలీంఖానా అనేవాళ్లం. మహారాష్ట్ర పహిల్వాన్లు అఖాడా అనేవారు. మీ సూరత్ నోళ్లలో అది అరిగి అరిగి ఖాడా అయిందని ఇప్పుడే తెలిసింది. పేరు ఏదైతేనేం, పోనివాళ్లకు బలం రాదు. నెల రోజుల్లో ఒక్కటంటే ఒక్క ఖాడా లేదా? వాన అడ్డమొచ్చిందా? నేను రాసిన బరువులు రాసినట్టే గోడ మీద ఉన్నాయని సంబరంగా చెప్తున్నావు. గోడ ఎత్తదు బిడ్డా, నువ్వు ఎత్తాలి. నా లెక్కకు అగరబత్తి తిప్పితే నీ తొడలకు బలం వస్తుందా?

నువ్వు డిసెంబర్ అన్నావు, ఇరవై అయిదేళ్లన్నావు, నాన్న పేరెత్తావు. ఆ ఉత్తరం చదివి నేను రెండు రోజులు సరిగా తినలేదు. ఇప్పుడు అనిపిస్తోంది, ఆ భయమంతా కాగితం మీదేనేమోనని.

ఈ నెల స్క్వాట్ 90, డెడ్‌లిఫ్ట్ 100, బెంచ్ 42.5. నెలంతా మానేసిన ఒంటికి అంతకంటే పెడితే తప్పు. రోజులు తప్పకుండా చేస్తేనే మళ్లీ పైకి. కటువుగా రాశానని బాధపడకు. తియ్యగా మాట్లాడి నిన్ను ఓడించడం కంటే ఇదే నయం.

మామ
సోమలింగం

*

నవాగామ్, సూరత్
సెప్టెంబర్ 8

మామయ్యకు,

మీ ఉత్తరం చదివి మొదట పెద్దగా నవ్వాను. అమ్మ ఎందుకని అడిగింది. చెప్పబోయి ఆగిపోయాను. జవాబు రాద్దామని రెండుసార్లు కాగితం తీశాను, రెండుసార్లూ చింపేశాను.

సీజన్ మొదలైంది. దసరాకు, దీపావళికి దేశమంతా చీరలు కట్టుకోవాలి కదా, వాటిని చూసి పంపాల్సింది మేము. పొద్దున ఆరింటికే టేబుల్ దగ్గర ఉండమంటున్నారు. “జో నహీ ఆతా, కల్ సే మత్ ఆనా” అన్నాడు శేఠ్. రేపటి నుంచి రావొద్దంటే మా ఇంట్లో పొయ్యి ఎలా వెలుగుతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఈ నెల లెక్క: పది ఖాడాలు పడ్డాయి.

బరువులు మాత్రం ఇక తగ్గించకండి మామయ్యా. తొంభై, వంద అంటూ ఇక్కడే ఉంటే డిసెంబర్ నాటికి నేను 342 దరిదాపులకు కూడా పోను. మీరు పెంచితే నేను ఎత్తుతాను. పెంచితే ఎత్తుతానన్న మాట మాత్రం గట్టిగా నమ్మండి.

మీ
లత

*

కోరుట్ల
సెప్టెంబర్ 17

చిరంజీవి లతకు,

నా నోరు మూయించావు. ఆరింటి డ్యూటీ నెత్తిన పెట్టుకొని పది ఖాడాలు. ఎప్పుడు వెళ్తున్నావో, ఎప్పుడు వస్తున్నావో, నాకు ఊహ కూడా అందడం లేదు. పోయిన ఉత్తరంలో నేనన్న మాటలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. నవ్విన నాపచేనే పండుతుందంటారు, నాపచేనును చూసి నవ్వినవాడికి సిగ్గేసింది.

నీ ఉత్తరం జేబులో పెట్టుకొని బడికి పోయాను. నేను రిటైరై తొమ్మిదేళ్లయింది, అయినా కొత్త పీఈటీ కుర్చీ వేస్తాడు. నీ సంగతి చెప్పాను. “సార్, మన దగ్గర్నించి జాతీయ పోటీలకు ఎవరూ పోలేదు గద సార్” అన్నాడు. పోలేదు. నా ముగ్గురూ రాష్ట్రం దగ్గరే ఆగిపోయారు. ఒకడు ఇప్పుడు దుబాయిలో సెంట్రింగ్ పని చేస్తున్నాడు, ఒకడు తాగి పోయాడు, మూడోవాడు నన్ను చూస్తే సందు మారతాడు. నాకు అరవై ఏడు, నాలుగోవాడు దొరకడనుకున్నాను. ఇంట్లోనే ఉందని తెలియలేదు.

ఈ నెల స్క్వాట్ 110, డెడ్‌లిఫ్ట్ 130, బెంచ్ 52.5. శని, సోమ, బుధ. ఆ క్రమం తప్పకు. శుక్రవారం పడుకో.

మామ
సోమలింగం

*

నవాగామ్, సూరత్
అక్టోబర్ 4

మామయ్యకు,

ఈ నెల పదకొండు ఖాడాలు పడ్డాయి. స్క్వాట్ 110 లేచింది. డెడ్‌లిఫ్ట్ 130 లేచింది. ఐదుసార్లు కాదు, మూడుసార్లు. అయినా లేచింది.

ఒక అనుమానం. ఎవరికైనా వారం మధ్యలో అస్సలు కుదరలేదనుకోండి. సెలవు రోజునే స్క్వాట్, డెడ్‌లిఫ్ట్ రెండూ చేస్తే ఏమవుతుంది? నా గురించి కాదు. జిమ్‌లో ఒక అమ్మాయి అడగమంది. పాపం, ఆమెకు నాకున్నంత తీరిక లేదు.

నేను బాగానే ఉన్నాను. పొద్దున చెప్పులు వేసుకోవడానికి వంగితే కాసేపు పడుతోంది. ముసురుకు అందరికీ అంతే కదా. అమ్మ నవరత్న నూనె రాస్తోంది. మిల్లులో ఎవరికీ చెప్పలేదు, చెకింగ్ టేబుల్ దగ్గర వంగలేనిదాన్ని ఎవరు ఉంచుకుంటారు?

వచ్చే నెలకు ఎక్కువే రాయండి. మొహమాటపడకండి.

మీ
లత

*

కోరుట్ల
అక్టోబర్ 15

చిరంజీవి లతకు,

ఉత్తరం అందింది. ఇక్కడ బతుకమ్మ, దసరా బాగా జరిగాయి. మన వెనకింటి బ్రహ్మచారి మీ సూరత్ నుంచి పండక్కి వచ్చి నాలుగు రోజులు ఉండి పోయాడు. మీ మిల్లుల సంగతులు చెప్పాడు.

జిమ్‌లో ఆ అమ్మాయి అడిగిందన్నావు. రెండూ ఒకే రోజు చేయకపోవడమే మంచిదని చెప్పు. తప్పనిసరి అయితే స్క్వాట్ ముందు చేయమను. గంట సేపు కూర్చోమను. తర్వాత డెడ్‌లిఫ్ట్. ఎక్కువ సెట్లు వద్దు. నిద్ర సరిపడా పొమ్మను.

నీ పోటీలకు ఇంకా తొమ్మిది వారాలున్నాయి. ఈ దఫా తేలిక వారం తీసేద్దాం. తర్వాత తీసుకోవచ్చు. స్క్వాట్ 120, డెడ్‌లిఫ్ట్ 142.5, బెంచ్ 55.

నెల లెక్క ఇక రాయనక్కర్లేదు. నువ్వు చేయగలవని నాకు తెలుసు.

వడోదరకు టికెట్ తీయించాను. డిసెంబర్ 20న బయల్దేరతాను. నువ్వు బార్ దగ్గరికి నడిచేటప్పుడు ముందు వరుసలో కూర్చుంటాను.

మామ
సోమలింగం

*

నవాగామ్, సూరత్
నవంబర్ 10

మామయ్యకు,

ఇది పడుకొని రాస్తున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే అందుకే.

పోయిన నెల 25, శుక్రవారం. స్క్వాట్ అయింది. మీరు చెప్పినట్టు గంట కూర్చున్నాను. ఆ అమ్మాయిని నేనేనని ఇప్పుడు చెప్తే మీరు ఆశ్చర్యపోరనుకుంటాను. డెడ్‌లిఫ్ట్ మొదటి సెట్ లేచింది. రెండో సెట్‌లో బార్ మోకాలు దాటాక నడుము లోపల ఏదో జారింది. శబ్దం ఏమీ రాలేదు. బార్ వదిలేశాను. కూర్చుందామంటే ఎడమ కాలు నాది కాదు.

ఇంటికి ఆటోలో తెచ్చారు. రెండు రోజులు నూనె రాసుకొని పడుకున్నాను, మూడో రోజు ఆస్పత్రికి. అక్కడ డాక్టర్ మౌక్తిక అని మన తెలుగావిడే. స్కాన్ చూసి, నా పాదం చేత్తో పట్టుకొని, “బొటనవేలు పైకి లేపమ్మా” అన్నారు. లేపాను. లేచిందనే అనుకున్నాను. “లేపమ్మా” అని మళ్లీ అన్నారు. అప్పుడు వంగి చూశాను. వేలు అలాగే ఉంది.

నడుములో రెండు డిస్కులు జారి నరాన్ని నొక్కాయట. ఆపరేషన్ 31న చేశారు. దీపావళి టపాసులు వినిపిస్తూ ఉండగానే మత్తు దిగింది. “పాదం ఎంతవరకు వస్తుందో చెప్పలేను” అన్నారు. “రాకపోవచ్చు కూడా. బరువులు మాత్రం ఇక మరిచిపోమ్మా. నీళ్ల బిందె కూడా.” ఆవిడ మెత్తగా చెప్పారు, అందుకే ఇంకా ఏడుపొచ్చింది.

నడిస్తే పాదం నేల మీద ఈడ్చుకుపోతోంది. గడప దాటేటప్పుడు చేత్తో తొడను ఎత్తి పెట్టుకోవాలి. మిల్లులో నా టేబుల్ దగ్గరికి వేరే ఆమె వచ్చింది. ఎవర్నీ తిట్టాలని లేదు.

మీ లెక్క తప్పు కాదు మామయ్యా. శని, సోమ, బుధ అని మీరు సరిగ్గానే రాశారు. నా తలరాత అడ్డం తిరిగింది. టికెట్ రద్దు చేయించుకోండి.

మీ
లత

*

కోరుట్ల
నవంబర్ 21

బిడ్డా లతా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. తలరాత అన్నావు. కాదు, నా రాత.

ఖాడా అంటే మీ దగ్గర హాజరు కాకపోవడమని నాకు తెలిసింది. బ్రహ్మచారి చెప్పాడు. గుజరాతీ మాటట. నువ్వు పది ఖాడాలన్నది పది రోజులు పోలేదని. పదకొండన్నది పదకొండు రోజులు పోలేదని. జూలైలో ఒక్క ఖాడా లేదన్నావు, ఒక్క రోజు కూడా మానలేదని. ఆ నెల నిన్ను తిట్టాను. బరువు దించాను. తర్వాత నువ్వు మానేసిన నెలల్లో మెచ్చుకొని బరువు పెంచాను. ఇంత తలకిందుల గురువు భూమ్మీద ఉంటాడా?

నీ భాషను నా భాష అనుకున్నాను. ఎవర్నీ అడగలేదు. ముప్పై నాలుగేళ్లు పిల్లలకు నేర్పినవాణ్ని, మాట అర్థం కాకపోతే అడగాలన్న బుద్ధి లేకపోయింది. తెలియక చేశాను తల్లీ. తెలిసి ఉంటే శుక్రవారం స్క్వాట్ ఒక్కటే చేయమని, మిగతాది పోనిమ్మని రాసేవాణ్ని. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాను, కాలినవి కూడా నీ చేతులే.

నీ దగ్గరికి వద్దామనుకున్నాను. ఎల్లవ్వ మొహం చూడలేను.

మామ
సోమలింగం

*

నవాగామ్, సూరత్
డిసెంబర్ 3

మామయ్యకు,

మీరు నా కాళ్ల మీద పడినట్టు ఉత్తరం రాశారు. అది మోయలేక ఈ జవాబు రాస్తున్నాను.

నాకు ఆగస్టులోనే తెలుసు.

తాలీంఖానా, అఖాడా అని మీరు రాసినప్పుడే తెలిసింది. అందుకే ఆ రోజు నవ్వాను. పుట్టిన దగ్గర్నుంచి ఖాడా తెలుగు మాటేననుకున్నాను మామయ్యా. మా బడిలో టీచరమ్మ కూడా “ఖాడా పెట్టకే” అనేది. అది తెలుగు కాదని మీ ఉత్తరం చదివాకే తెలిసింది. వెంటనే దిద్దుతూ రాద్దామనుకున్నాను. చింపానన్న రెండు కాగితాలు అవే.

అప్పుడే మిల్లులో ఆరింటి డ్యూటీ మొదలైంది. శని, సోమ, బుధ మూడూ పోయాయి. మిగిలింది శుక్రవారం. నిజం మీకు అర్థమయ్యేలా రాస్తే బరువు ఇంకా దించుతారు. దించితే డిసెంబర్ పోతుంది, డిసెంబర్ పోతే జనవరి వస్తుంది. అందుకే పది ఖాడాలు పడ్డాయని రాశాను. అందులో అబద్ధం ఒక్క అక్షరం కూడా లేదు. నిజం రాసే మిమ్మల్ని మోసం చేశాను. అబద్ధం రాసి ఉంటే ఏదో ఒక రోజు నోరు జారేదాన్ని. నిజం రాస్తే ఆ భయం కూడా లేదు.

మీరు శభాష్ అని రాసిన ఉత్తరాన్ని మిల్లుకు తీసుకెళ్లి మధ్యాహ్నం డబ్బా తెరిచే ముందు చదువుకునేదాన్ని. అది నాది కాదని తెలుసు. అయినా చదువుకునేదాన్ని. ఈ మాట రాయడానికి సిగ్గుగా ఉంది.

కాబట్టి మీరు బాధపడకండి. మీరు మోసపోయారు, అంతే. పాదంలో మార్పు లేదు. ప్లాస్టిక్ పట్టీ ఒకటి ఇచ్చారు, చెప్పులో పెట్టుకొని కట్టుకుంటే ఈడ్వదు. ఇంట్లో కూర్చొని చీరలకు రాళ్లు అతికిస్తున్నాను. అరగంట కూర్చుంటే నడుము మంట. తర్వాత అరగంట పడుకోవడం. నా వారం ఇప్పుడు ఇది.

మీ
లత

*

కోరుట్ల
డిసెంబర్ 14

లతకు,

నేను మోసపోయానని రాశావు. ఆ మాట కింద తలదాచుకొని ఉండిపోదామనుకున్నాను. నాలుగైదు రోజులు ఉన్నాను కూడా. నీ అంత ధైర్యం నాకు రావడానికి ఇన్నాళ్లు పట్టింది.

బ్రహ్మచారి నాకు ఆ మాట చెప్పింది నీకు దెబ్బ తగిలాక కాదు. సద్దుల బతుకమ్మ నాడు. నా చెవి దగ్గర నోరు పెట్టి, “మూడు ఖాడాలు పడ్డయని శేఠ్ నన్ను పనిలకెల్లి తీసేసిండు మామా” అన్నాడు. “ఖాడాలు పడితే మంచిదే గదరా, పనిలకెల్లి తీసుడేంది?” అన్నాను. వాడు నవ్వాడు. “ఖాడా అంటే డ్యూటీకి పోకపోవుడే. నీకు గది తెల్వదా?” అన్నాడు.

అప్పటికి నీ అక్టోబర్ ఉత్తరం నా జేబులోనే ఉంది. ఇంటికి వచ్చి తీసి చదివాను. పదకొండు. ఒకమ్మాయి అడగమంది. వంగితే కాసేపు పడుతోంది. ప్రతి ముక్కా అర్థమైంది. నువ్వు శుక్రవారం రెండూ కలిపి చేస్తున్నావని తెలిసింది, నడుము ఎక్కడ నొప్పి పెడుతోందో తెలిసింది, ఎప్పుడు జారుతుందో తప్ప అన్నీ తెలిశాయి. బ్రహ్మచారి ఫోన్ పక్కనే ఉంది. ఆపు అని ఒక్క మాట చెప్పించి ఉంటే సరిపోయేది.

చెప్పించలేదు. మూడు రోజులు ఆలోచించాను. పదకొండు రోజులు మానేసి కూడా నూట ముప్పై లేపిందంటే దీనిది మామూలు ఒళ్లు కాదు, ఇంకో తొమ్మిది వారాలు తట్టుకుంటుంది అనుకున్నాను. బడిలో అందరికీ చెప్పేశాను. టికెట్ కొన్నాను. ముగ్గురు పోయాక నాలుగోది నువ్వు. నీకు ఆశ ఉంది గనక నాకు తప్పు లేదని సర్దిచెప్పుకున్నాను. నెల లెక్క ఇక రాయొద్దన్నది అందుకే. నువ్వు రాస్తే నాకు తెలిసినట్టు అవుతుంది. రాయకపోతే తెలియనట్టు ఉండొచ్చు. తేలిక వారం తీసేసి, బరువు పెంచి, ఆ అమ్మాయిని గంట కూర్చోమన్నాను.

నవంబర్‌లో తెలియక చేశానని రాసింది కూడా అబద్ధమే. నువ్వు నిజం రాసి మోసం చేశావు. నేను మోసం చేసి, తర్వాత అబద్ధం రాశాను. నన్ను క్షమించమని అడగను. అడిగితే నువ్వు క్షమిస్తావు, ఆ భయం ఉంది.

సోమలింగం

*

నవాగామ్, సూరత్
జనవరి 4

మామయ్యకు,

మీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులైంది.

వడోదరలో పోటీలు అయిపోయాయి. జిమ్ వాళ్లు వెళ్లొచ్చారు. అరవై మూడు కిలోల విభాగంలో పోయినేటి వాళ్లు ఇద్దరు రాలేదట. మూడో స్థానం వచ్చిన అమ్మాయి మొత్తం 315. జూన్‌లో మీకు మొదటి ఉత్తరం రాసినప్పుడే నా దగ్గర అంతకంటే రెండున్నర కిలోలు ఎక్కువున్నాయి. ఏమీ పెంచకుండా, ఏమీ ఎత్తకుండా, ఊరికే ఒళ్లు కాపాడుకొని వెళ్లి నిలబడినా సరిపోయేది. ఇది మీకు రాయాలా వద్దా అని చాలా ఆలోచించాను. నేనొక్కదాన్నే మోయలేక రాస్తున్నాను.

కోపం తెచ్చుకుందామని చూశాను. మీ మీద కోపం వస్తే సగం దారిలో నా మీదికి తిరుగుతోంది. నా మీద తెచ్చుకుంటే మీ మీదికి పోతోంది. నేను దాచింది నా నడుమును. మీరు దాచింది కూడా నా నడుమునే. ఒక్కరు దాచి ఉంటే రెండోవాళ్లు కాపాడేవాళ్లు.

డాక్టర్ మౌక్తిక మొన్న మళ్లీ వేలు లేపమన్నారు. లేవలేదు. ఈసారి రెండోసారి అడగలేదు, కాగితం మీద ఏదో రాసుకున్నారు. ఈ నెల 29తో ఇరవై అయిదు. దానికి ఇప్పుడు అర్థం లేదు.

అమ్మకు ఇదేదీ తెలియదు. చదువు రాదు కనక మీ ఉత్తరం వచ్చిన రోజు నా పక్కన కూర్చొని, “మా అన్న ఏం రాసిండే?” అంది. కాగితం చేతిలోనే ఉంది. ఎంతసేపు చూసినా అందులో ఆమెకు చదివి వినిపించదగ్గ వాక్యం ఒక్కటి కూడా దొరకలేదు. “ఎవ్వల తప్పూ కాదట, ధైర్యంగా ఉండమన్నడు” అని చెప్పాను. అమ్మ కళ్లు తుడుచుకుంది. “గందుకే ఇంటికి ఒక పెద్దమనిషి ఉండాలె. మా అన్న లేకుంటే నీకు ఎవ్వలు దిక్కు?” అంది.

మీకు దండాలు రాయమంది. ఆమె దండాలు రాశాను.

లత